బారు వెనక మెట్ల తలుపు

డెబ్బైల మొదట్లో నేను బెజవాడలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా ఉండేదాన్ని. అది ఏ ఆఫీసో చెప్పను. మద్యనిషేధం సడలించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఊళ్లో బార్లు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. వాటి లైసెన్సు కాగితాలు మా సెక్షన్‌లోనే తయారయ్యేవి. ఆడపిల్లనై ఉండి అలాంటి కాగితాలు టైపు చేస్తున్నానని మా చర్చిలో కొందరు నాతో మాటలు తగ్గించారు. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. నాన్న పోయాక మా ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం.

లైసెన్సు ఒక దళసరి కాగితం. ముందు వైపు యజమాని పేరు, స్థలం, మూసే వేళ. వెనక వైపు ఇంగ్లీషులో షరతులు. బయటికి రెండు దారులుండాలి. లోపల జనం ఉన్నంతసేపూ రెండో దారికి తాళం వెయ్యకూడదు. వంటగదిలో కిరసనాయిలు నిల్వ పెట్టకూడదు. ఇసక బకెట్లు ఉంచాలి. కార్బన్లు పెట్టి ఆ షరతులు ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఒక్కసారి కూడా వాటి గురించి ఆలోచించలేదు.

పటమటలో మేముండే ఇంట్లో పక్క వాటా ఒక ముస్లిం కుటుంబానిది. ఆయన బస్టాండు దగ్గర ఒక మేడమీది బారులో వంట చేసేవారు. నలభై దాటిన మెతక మనిషి. చుక్క ముట్టేవారు కాదు. ఆయన భార్య ఇంట్లో మిషను కుట్టేది. ఆవిడని నేను వదినా అనేదాన్ని. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. వాళ్లకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి సాయంత్రాలు నేనే ఇంగ్లీషు చెప్పేదాన్ని.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. లైసెన్సు వెనక ఏం రాసి ఉంటుందని అడిగారు. వాళ్ల బారులో దాన్ని అద్దాల ఫ్రేములో బిగించి గోడకి కొట్టారట. ముందు వైపు తప్ప ఎవరికీ కనబడదు. నేను షరతులు ఒక్కొక్కటే చెబుతూ వచ్చాను. తలుపు మాట రాగానే ఆపారు.

"మళ్లీ చెప్పు చెల్లెమ్మా. తాళం వెయ్యకూడదని రాసుందా?"

"రాసుందన్నయ్యా. నేనే కొట్టాను."

అప్పుడు చెప్పారు. వంటగది మేడ వెనక కొసన ఉంటుంది. అక్కణ్ణించి సందులోకి ఇనప మెట్లు, వాటికొక తలుపు. ఆ దారిన సీసాలు బయటికి పోతున్నాయని యజమానికి అనుమానం వచ్చింది. అప్పటినుంచి సాయంత్రం కాగానే ఆ తలుపుకి తాళం వేయిస్తున్నాడు. తాళంచెవి మేనేజరు జేబులో ఉంటుంది. వంటగదిలో పంపు స్టవ్వులు, వాటి పక్కనే కిరసనాయిలు డబ్బాలు. ఏదైనా జరిగితే హాలంతా దాటి ముందు మెట్లకి రావాలి. ఒకసారి చెప్పి చూస్తే, భయమైతే మానెయ్యమన్నాడట.

మానెయ్యమనే నేనూ అన్నాను. భోజన హోటళ్లలో తనని వంటకి పెట్టుకోరనీ, మాంసం వండే మిలట్రీ హోటళ్లలో అడిగితే ఖాళీల్లేవన్నారనీ చెప్పారు.

"మీ ఆఫీసరుగారికి ఓ మాట చెప్పగలవా? నా పేరు మాత్రం రానీకమ్మా."

మర్నాడు మా ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను. ఆయన్ని దుర్మార్గుడని ఇప్పటికీ అనలేను. సెక్షన్‌లో ఆడవాళ్లని పల్లెత్తు మాట అనని మనిషి. రాతలో ఏమీ లేకుండా వెళ్లలేనన్నారు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక సంతకం లేని అర్జీ ఒకటి టైపు చేసి, నేనే పోస్టు డబ్బాలో వేశాను. రెండు రోజుల్లో అది మా ఆఫీసుకే వచ్చింది. విచారించి రిపోర్టు ఇమ్మని దానిమీద రాశారు.

ఇన్‌స్పెక్టరుగారు పొద్దున పదకొండింటికి వెళ్లొచ్చారు. ఆ వేళకి బారులో ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తనిఖీ సమయంలో వెనక తలుపు తెరిచే ఉన్నదనీ, అర్జీ నిరాధారమనీ రాసి టైపు చెయ్యమని నా బల్లమీద పెట్టారు.

"తాళం వేసేది పగలు కాదండీ, రాత్రి కదండీ" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. "రాత్రి సంగతి మీకెలా తెలుసమ్మా?"

కాగితం మిషనుకి ఎక్కించాను.

అర్జీ సంగతి యజమానికి తెలిసింది. ఎలా తెలిసిందో నేనడగలేదు. పనివాళ్లందరినీ నిలబెట్టి తిట్టాడట. మునుపు మేనేజరు ఎప్పుడైనా తాళం మరిచిపోయేవాడు, ఇప్పుడు తప్పకుండా వేస్తున్నాడని వదిన చెప్పింది. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున పంపు దగ్గర నీళ్లు పడుతున్నాను. బాగా పొద్దుపోతే అన్నయ్య బారులోనే పడుకునేవారు కాబట్టి, రాత్రి రాలేదని ఎవరం కంగారుపడలేదు. బారులో సర్వరు సైకిలు మీద వచ్చాడు. మిషను ముందు కూర్చున్న వదినని చూసి సైకిలు పట్టుకునే నిలబడిపోయాడు. ఆమె లేచి వచ్చి తనే అడిగింది. రాత్రి స్టవ్వు పేలి డబ్బాలు అంటుకున్నాయట. మంటలు హాలు వైపు గుమ్మానికి అడ్డం పడ్డాయి. హాల్లోవాళ్లు ముందు మెట్ల మీంచి దిగిపోయారు. వాళ్లతోపాటు మేనేజరూ దిగిపోయాడు, తాళంచెవి జేబులోనే ఉంది. వంటగదిలో ఈయనా, గిన్నెలు కడిగే ఇంకొకాయనా మిగిలిపోయారు. వాళ్లు తలుపు బాదడం సందులోవాళ్లకి వినబడిందట. జనం మెట్లెక్కి గునపంతో తలుపు పగలగొట్టేసరికి ఇద్దరూ గడప దగ్గరే పడి ఉన్నారు.

వదినతో పెద్దాసుపత్రికి నేనే వెళ్లాను. చేతి తాయెత్తు చూసి ఆమె గుర్తుపట్టింది. ఏడవలేదు. తన చెంగుతో నా మొహం తుడిచింది.

పైవాళ్లు విచారణ వేశారు. మూడో రోజు హెడ్‌క్లర్కుగారు నన్ను లోపలికి పిలిచారు. పక్కన ఇన్‌స్పెక్టరుగారు తలొంచుకుని కూర్చున్నారు. ఫైల్లోంచి అర్జీ తీసేశారు. పాత రిపోర్టుకి బదులు, మామూలు తనిఖీలో షరతులన్నీ సరిగ్గానే ఉన్నాయని, పాత తేదీతోనే ఒక పేజీ కావాలన్నారు. నేను కదలకుండా నిలబడ్డాను.

"ఆ అర్జీ ఏ మిషను మీద కొట్టిందో నాకు తెలుసమ్మా. ఎవరు కొట్టారని అడగను. మీరు ఈ పేజీ కొట్టివ్వండి" అన్నారు హెడ్‌క్లర్కుగారు. గొంతు పెంచలేదు.

కొట్టిచ్చాను. నాలుగు కాపీలు. ఒక్క తప్పు కూడా పోలేదు.

విచారణకి ముందురోజు సాయంత్రం వదిన మా గుమ్మంలోకి వచ్చింది. తాళం సంగతి ఆయన నాతో చెప్పారు కాబట్టి, వచ్చి ఆ ఒక్క మాట చెబితే చాలంది.

"నా ఉద్యోగం పోతుంది వదినా" అన్నాను.

మర్నాడు ఆమె విచారణకి తన అన్నతో కలిసి వెళ్లింది. సర్వరు తనేమీ చూడలేదన్నాడు. వేడికి గడియ బిగుసుకుపోయిందన్నాడు మేనేజరు. వెనక తలుపు తెరిచే ఉంటుందని రికార్డు చెబుతున్నదన్నారు విచారించినవాళ్లు. చివరికి దాన్ని ప్రమాదం కింద రాశారు. లైసెన్సు కొన్నాళ్లు నిలిపేశారు. తర్వాత అదే యజమాని బావమరిది పేరు మీద రెండు వీధుల అవతల ఇంకో బారు పెట్టాడు. దాని షరతులు కూడా నేనే టైపు చేశాను.

వదిన పిల్లలతో మంగళగిరిలో అన్నగారింటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు అమ్మతో చెప్పింది. నేను ఆఫీసులో ఉన్నాను.

రెండేళ్ల తర్వాత ఒక సెలవు రోజు బస్సెక్కి వెళ్లాను. వదిన నన్ను మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది, అమ్మ ఎలా ఉందని అడిగింది. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉంది. ఆ పేజీ కొట్టింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. సగంలోనే ఆపింది.

"తెలుసు. విచారణలో ఆ కాగితం కాపీ నా చేతికిచ్చారు. కింద మూల, టైపు చేసినవాళ్లు వేసే చోట, నీ పొడి అక్షరాలున్నాయి. మా పెద్దది చదివింది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"నీ పేరు చెప్పమని మా అన్న అక్కడ ఎంతో పోరు పెట్టాడు. నేనే వద్దన్నాను. నీకూ ఇల్లుంది, మీ అమ్మ ఉంది. ఆయనైనా చెప్పనిచ్చేవారు కాదు."

ఆ మాటలో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండుననిపించింది. కాసేపటికి ఎవరో బట్టలు పట్టుకుని వస్తే ఆమె కొలతలు తీసుకోవడానికి లేచింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. ఉద్యోగం మాత్రం రిటైరయ్యేదాకా చేశాను.