సుగ్గికి పోయిన బడి

నాది కడప. ఉద్యోగం మాత్రం కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోని దాటాక ఒక పల్లెలో వచ్చింది. అయిదు తరగతులకూ నేనొక్కదాన్నే టీచర్ని. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడే ఆ పిల్లల మాట చేరిన కొత్తలో నాకు సగం అర్థమయ్యేది కాదు.

అప్పుడు నాకు దిక్కయింది పక్క ఊరి బడిలో టీచరుగా ఉన్న ఒకామె. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెదీ నాలాంటి ఒంటరి బడే. ఇద్దరం ఆదోనిలో ఒకే బస్సు ఎక్కేవాళ్లం. ఆ ప్రాంతం మనిషే, వయసులో నాకంటే చాలా పెద్ద. మొదటి వారంలోనే నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, "ఇంతేనా తినేది? పిల్లోల్ల ముందర గొంతు యాడ లేస్తాది నీకు?" అంటూ తన జొన్నరొట్టె సగం విరిచి పెట్టింది. ఒక తరగతికి లెక్కలిచ్చి ఇంకో తరగతికి పాఠం ఎలా చెప్పాలో నాకు శిక్షణలో ఎవరూ చూపలేదు. ఆ బస్సులో ఆమె దగ్గర నేర్చుకున్నాను.

దీపావళి దాటితే అక్కడ సుగ్గి మొదలవుతుంది. ఊళ్లో పని దొరకక, కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. ఆ ఏడు నా బడిలో నాలుగో తరగతి పాప ఒకతె ఉండేది. తప్పు చదివినా గట్టిగానే చదివేది. ఒకరోజు నేను బస్సు దిగేసరికి వాళ్ల నాన్న వ్యానులోకి మూటలు ఎక్కిస్తున్నాడు. పాప చంకలో తమ్ముడున్నాడు.

"పాపనన్నా ఈడ ఇడిసిపెట్టి పోప్పా. బాగా చదువుతాండాది," అన్నాను.

"ఎవరి తావ ఇడిసేది మేడం? మా యమ్మ పోయినేడు సచ్చిపాయ. మేమిద్దరం చేన్లో ఉంటే ఈ చిన్నోన్ని ఎవరు ఎత్తుకుంటారు?"

అక్కకు ఫోన్ చేశాను. వ్యాను ఇంకా మనుషుల కోసం ఊరు తిరుగుతుండగానే, మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరి బండి మీదో ఎక్కి వచ్చేసింది. పాప తల్లి పక్కన అరుగు మీద కూర్చుని వాళ్ల మాటలోనే మాట్లాడింది. వలస పోయేవాళ్ల పిల్లలకు హాస్టలుందనీ, తానే తీసుకెళ్లి చేర్పిస్తాననీ చెప్పింది. ఆ తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇది హాస్టల్లో చదువుకుంటాది సరే. చిన్నోడో?" అంది. అంతలో వ్యాను తిరిగొచ్చింది, పాప తమ్ముణ్ని ఎత్తుకుని ఎక్కింది. వ్యాను వెళ్లిపోయింది.

బడి వరండాలో కూర్చున్నాం. "నా బడిలో గూడా ఏటా ఇంతే. నేనేం ఆపలేను," అంది.

"మరి ఎండలో పడి ఎందుకొచ్చినావక్కా?"

"నువ్వొక్కదానివే నిలబడి చూస్తాంటావు గదా," అని నీళ్లు తాగి, తన బడి పిల్లలు ఎదురుచూస్తుంటారని లేచింది.

పాప ఉగాది తర్వాత తిరిగొచ్చింది. పుస్తకం ఇస్తే పెదవులు మాత్రం కదిపేది. అదే ఎండాకాలం బదిలీల్లో అక్కకు కర్నూలు దగ్గర బడి వచ్చింది. వద్దనడానికి నాకేం హక్కుంది? ఆమె మోకాళ్లకు ఆ బస్సు మెట్లు ఎక్కడమే కష్టంగా ఉండేది. ఆమె చోట వచ్చిన సారు ఇంకో దారిలో బైకు మీద వచ్చిపోతాడు. ఆయన ముఖం నేను మీటింగుల్లో తప్ప చూడను.

ఈ ఏడు మళ్లీ వ్యాన్లు వచ్చాయి. ఈసారి ఒకటో తరగతి మొత్తం పోయింది. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉండి ఉంటుంది. సాయంత్రం నేను బస్సులో ఉండగా తనే చేసింది. పోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. ఆమె "ఊ" అంటూనే ఉంది. బస్సు మలుపు తిరగగానే సిగ్నల్ పోయింది.