సిరిసిల్లకు పోయిన కోరుట్ల మీటింగు

కోరుట్లలోని మా పాత ఇల్లు కూల్చేస్తున్నారని మా మరిది ఫోన్ చేస్తే, మనసాగక మొన్న ఆదివారం జగిత్యాలలో బస్సెక్కి పోయాను. ముందరి అర్రలో, నేను ఎన్నేళ్లు రుద్దినా పోని అచ్చు సిరా మరకలు గచ్చు మీద అట్లాగే ఉన్నాయి. వాటిని చూడగానే నా పాత ఘనకార్యం ఒకటి గుర్తొచ్చింది.

బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం, మగ్గాలవాళ్ల కోసం మా మామ ఆ అర్రలోనే ఒక వారపత్రిక అచ్చు వేసేవారు, కోడలిగా వచ్చిన ఏడాదికే నాకూ అక్షరాలు పేర్చడం నేర్పారు. సీసపు అక్షరాలు పేర్చడమంటే నడుములు పడిపోవడమేనని మన తరానికి తెలుసు కదా, అందుకే మీటింగు ప్రకటనను విప్పకుండా దారంతో కట్టి ఉంచి, ప్రతి వారం సంఘం పేరు, రోజు, ఊరు మాత్రం మార్చేవాళ్లం.

మంచి బీడీలను కూడా పనికిరావని పారేస్తున్న బీడీల కాంట్రాక్టరును, అదే ఠేకేదారును, నిలదీయడానికి ఆ వారం మా వాకిట్లోనే మీటింగు పెట్టారు. నేను పేరు మార్చాను, రోజు మార్చాను, ఊరు మరిచాను. ముందటి వారం మగ్గాలవాళ్లు కలిసిన సిరిసిల్లే అచ్చయింది! తీరా ఆ రోజు మా వాడకట్టు ఆడవాళ్లు పదిమందే వచ్చారు. "గీ పదిమందికేనా బాధ?" అని ఠేకేదారు నవ్వుతుంటే, నేను ఏడుపు ఆపుకుంటూ పేపరు తెచ్చి, అందులోని ఊరి పేరు మామకు చూపించాను.

"ఏడ్వకు బిడ్డా, నేను సుత సూస్కోలే" అన్న మామ, చాయ్ మీద చాయ్ పోయించి ఠేకేదారును కదలనివ్వలేదు.

పొద్దుగూకే వేళకు లారీ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి మా పేపరు చూసి సిరిసిల్ల పోయిన జగిత్యాల బీడీల ఆడవాళ్లు దిగారు, అచ్చులో తప్పు పడిందని పోల్చుకొని, వాళ్లకు అన్నం పెట్టి, మగ్గాలు ఆపి, వెంట బయలుదేరిన మగ్గాలవాళ్లూ దిగారు. వాకిలి పట్టలేదు. అందరి ముందు చూపించకుండా ఇక ఒక్క బీడీ కూడా పారేయనని ఠేకేదారు ఒప్పుకున్నాడు. "ఇగ ప్రతివారం గిట్లనే తప్పు కొట్టు బిడ్డా!" అని మామ నవ్వితే, నేను కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

కూల్చేలోపు మొన్నటి ఆదివారమే ఒకసారి ఆ ఇంట్లో కలుద్దామని, నేను పోయే ముందే అప్పటివాళ్ల పిల్లలంతా ఉన్న ఫోన్ గ్రూపులో నేనే రాశాను. ఊరు, వీధి, టైము ఈసారి నాలుగుసార్లు చూసుకున్నాను. అందరూ దండాల బొమ్మలు పెట్టారు, ఒక్కరూ రాలేదు. సాయంత్రం దాకా ఆ గచ్చు మీదే కూర్చొని రోడ్డు వైపు చూశాను, ఎవరైనా సిరిసిల్ల పోయి వస్తున్నారేమోనని.