రెండు చుక్కల వైరు

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ ప్రార్థనకు చేవెళ్ల చర్చికి ఆయన పాత కారులోనే వెళ్లాలని పట్టుబట్టాను. పిల్లలు వద్దన్నారు. నా మొండితనం వాళ్లకు కొత్త కాదు. చిక్కల్లా ఒకటే, ఆ కారు ఆయన ఉండగానే పాడైంది. స్టార్టయితే ఒళ్లంతా వణుకుతుంది, కార్బ్యురేటర్‌లో టప్ టప్‌మని పేలుతుంది, కాస్త ఎత్తు వస్తే చతికిలబడుతుంది.

మాది చిన్న మంగళారం. నేను బడిలో లెక్కల టీచర్ని, ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. కానీ ఊళ్లో ఆయనకు పేరు తెచ్చింది ఈ కారే. మా ఇద్దరి కంటే వయసులో పెద్దది. తుక్కుగా పడి ఉన్నదాన్ని తెచ్చి ఆరేళ్లు కూర్చుని బాగుచేశాడు. ఇంజిన్‌లో నిప్పు రాజేసే నాలుగు ప్లగ్గులకు వెళ్లే వైర్లు తారుమారు కాకుండా నా గోళ్లరంగుతో చుక్కలు పెట్టాడు. మొదటి వైరుకు ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. కొత్త సీసా పాడుచేశాడని వారం రోజులు సాధించాను.

పోవడానికి అయిదు నెలల ముందు, ఒక శనివారం, ప్లగ్గులు తీసి తుడిచి బిగించాడు. మర్నాడు చర్చికి వెళ్తుంటే కారు పేలడం మొదలైంది. చర్చి ముందు జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏందయ్యా, మంచిగున్న బండిని కెలికి ఖరాబ్ చేసినవ్! రాకపోతే రాదని ఒప్పుకోరాదు?" అని అందరి ముందే అనేశాను.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ఏ వైరు తీసినా మళ్లీ తీసిన చోటే పెట్టాడు. తను పెట్టిన వైర్ల మీద ఆయనకు అనుమానం రాలేదు. నేను ఆదివారాలు మొహం మాడ్చుకుని ఆటోలో వెళ్లొచ్చాను. నాలుగో వారం కారు పక్కనే పడిపోయాడు. మెదడులో గడ్డ అన్నారు దవాఖానలో.

"ఈ మధ్య ఎప్పుడైనా తికమకపడ్డాడా? బాగా తెలిసిన పనిలో తప్పు చేశాడా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం, మంచిగనే ఉండె" అన్నాను.

మొన్న మొయినాబాద్ నుంచి మెకానిక్ వచ్చాడు. పాత బళ్ల గురించి ఏ సందేహం వచ్చినా మా ఆయన్నే అడిగి వెళ్లేవాడు. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో వైరూ పీకి చూశాడు. మొదటిది పీకితే ఇంజిన్ ఆగబోయింది. నాలుగోదీ అంతే. మధ్యలోవి రెండూ పీకినా ఏ తేడా లేదు.

"ఈ రెండు పనే చేస్తలేవక్కా" అంటూ వంగి చూశాడు. రెండు చుక్కల వైరు మూడో ప్లగ్గుకు ఉంది, మూడు చుక్కలది రెండోదానికి.

నేనూ వంగి చూశాను. నా గోళ్లరంగే, ఇంకా ఎర్రగా ఉంది. ఎవరు బానెట్ ఎత్తి చూసినా కనబడేదే. మూడు వారాలు దాని మీదే వంగిన మనిషికి కనబడలేదు. డాక్టరమ్మ అడిగింది దీని గురించే. ఆ ఆదివారం నోరు పారేసుకునే బదులు, ఇంత పనిమంతుడు ఎలా తప్పు చేశాడని ఒక్కసారి ఆలోచించి ఉంటే, మూడు వారాల ముందే దవాఖానకు వెళ్లేవాళ్లం. బతికేవాడో లేదో నాకు తెలియదు. చేతగానివాడినని అనుకుంటూ మాత్రం పోయేవాడు కాదు. మెకానిక్ ఇంకా వైర్లకేసే చూస్తున్నాడు.

"ఇది అన్న చేతి పని కాదు. కండ్లు మూసుకున్నా అన్న తప్పు పెట్టడు. ఎవరు ముట్టిన్రక్కా?"

"నేనే తమ్మీ. దుమ్ము తుడుద్దామని తీసిన."

అతను వైర్లు సరిచేసి స్టార్ట్ చేశాడు. వణుకు పోయింది. ఇంజిన్ మెత్తగా నడిచింది, ఆయన ఉన్నప్పటిలాగే.

"లెక్కల టీచరువు, మూడు దాకా లెక్కవెట్టలేకపోయినవా అక్కా?" అని మెకానిక్ నవ్వాడు. "అన్న ఉంటే నిన్ను మస్తు తిడుతుండె."

"ఆయన ఎన్నడు తిట్టలే తమ్మీ" అన్నాను. "తిట్టింది నేనే."