పద్నాలుగో కుర్చీ

నవంబరు 14, శుక్రవారం, అల్ హిలాల్, ఖతార్. హాజరైనవారు: నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, వంట చేసే కొండేటి మరియమ్మ.

మా ఆవిడ పుట్టినరోజు. ఆర్పిన కొవ్వొత్తి వాసనకు హెడ్విగ్ గారు గుర్తొచ్చారు. ఆవిడ భోజనాల బల్ల మీద ఎప్పుడూ కొవ్వొత్తులే వెలిగేవి. జర్మనీలో ఒక చిన్న జమీందారీ కుటుంబంలో పుట్టి, డ్యూక్ బిరుదున్న ఒకాయనను పెళ్ళాడారు. అక్కడ బిరుదులకు అధికారం ఏనాడో పోయింది. బిరుదు పేరులో మాత్రం మిగిలింది. భర్త పోయాక గుర్రాల పెంపకంలో సలహాలివ్వడానికి ఖతార్ వచ్చి, అల్ ఘర్రాఫాలో విల్లా తీసుకున్నారు. అప్పట్లో నేను ఆవిడ సెక్రటరీని. ఉత్తరాలు, అతిథుల పుస్తకం నా పని.

ఒకసారి విందుకు పద్నాలుగు మందిమి కూర్చోవలసి ఉండగా, ఒకాయన చివరి నిమిషంలో రాలేనన్నాడు. బల్ల దగ్గర పదమూడుగురు కూర్చుంటే ఆ ఏడాదిలో ఒకరు పోతారని వాళ్ళ వైపు నమ్మకం. "ఓబులేసును పిలవండి" అన్నారావిడ. ఓబులేసు కడప వైపు నుంచి వచ్చిన ఇంటి డ్రైవరు.

"నాకెందుకు సార్ ఆ కుర్చీ? బండికాడ ఉంటాలే" అన్నాడు.

"మేడమ్ మాట. చొక్కా మార్చుకుని రా."

"ఆ ఫోర్కుతో తినేది నాకు రాదు సార్."

"నన్ను చూసి తిను."

వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర చోటు దక్కడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నన్ను చూసుకుంటూనే తిన్నాడు. నేను అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. అందరూ వెళ్ళాక అతిథుల పుస్తకంలో పదమూడు పేర్లే రాశాను.

అప్పటి నుంచి వండినవారి పేరు, వడ్డించినవారి పేరు లేకుండా నా డైరీలో హాజరు రాయలేదు. కారణం ఆ మర్నాటి ఉదయం.

ఆవిడ పుస్తకం తెరిచి వేలితో లెక్కపెట్టారు. "పదమూడు. మనలో పోయేదెవరో కూడా మీరే రాసేయండి" అన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు.

"మా అత్తవారి కోటలో ఒక విందుకు ఒకరు తక్కువై, లెక్క కోసం పక్క ఊరి నుంచి నన్ను పిలిపించారు. నా పక్కనున్నాయన మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నాయన మాట్లాడాడు, ఆయన్నే చేసుకున్నాను. పెళ్ళయ్యాక ఆనాటి పుస్తకం తీసి చూశాను. నా పేరు లేదు."

కలం నా ముందు పెట్టారు. మూత తీసి ఆగిపోయాను. అందరివీ ఇంటిపేర్లతో ఉన్నాయి. గ్యారేజీలోకి వెళ్ళాను. ఓబులేసు బండి తుడుస్తున్నాడు.

"నీ ఇంటిపేరేమిటి ఓబులేసూ?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఏం సార్, తప్పేమన్నా చేసినానా?"