మడమ తాళం

న్యూయార్క్‌లో గ్రీన్ స్ట్రీట్ మీది ఆ పాత భవనం రెండో అంతస్తులో చొక్కాల కాలర్లు కుట్టింది ఫిలొమెనా, ముప్పై ఏళ్లపాటు. రాయైనా అరిగిపోయేది! పక్క మిషన్ మీద మొగుడు కార్మైన్. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టేవారు. ఆయన మిషన్ వెంట్రుకవాసి జోరు. టకటకలు రెండూ విడిపోయి, కలగాపులగమై, ఎప్పుడో ఒక్క క్షణం మళ్లీ ఒకటయ్యేవి. అప్పుడు ఇద్దరూ తలెత్తి నవ్వుకునేవారు. అదీ వాళ్ల సరసం. చివరి ఏడాది ఆయన చేతులు వణికి వెనకబడుతుంటే, మేస్త్రీ కంటపడకూడదని, ఆయన అందుకునేలా ఆమె మడమతో నేలమీద తాళం వేసేది. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ కలిసే చప్పుడు కోసం ఆమె చెవులు ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాయి.

ఐదో అంతస్తులో ఉండే పియానో వాళ్లు ఆదివారం మధ్యాహ్నం కచేరీకి రమ్మన్నారు.

"రెండు పియానోలూ ఒకే ముక్క వాయిస్తూనే ఉంటాయట! మన మిషన్ల మోత చాల్లేదూ నీకు?" అంది గుడ్డ కత్తిరించే అసుంటా.

"అందుకేనే వెళ్తున్నది," అంది ఫిలొమెనా.

అందరూ నేలమీద మెత్తలేసుకుని కూర్చున్నారు. ఇద్దరు వాద్యగాళ్లూ ఒకే వరస ఎత్తుకున్నారు. కాసేపటికి వాళ్లలో డగ్లస్ అనే కుర్రాడి వాయింపు రెండోదాన్నుంచి పక్కకు జరగసాగింది. అయ్యో, తప్పిపోతున్నాడు అనుకుంది ఫిలొమెనా! తనకు తెలియకుండానే మడమ లేచింది. టక్, టక్, టక్. డగ్లస్ ఆ తాళంలో పడి, తడబడి, ఆగిపోయాడు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"మన్నించు నాయనా. వెనకబడ్డావేమో, అందుకుంటావని..."

డగ్లస్ లేచి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "కావాలనే కాస్త జోరు పెంచి జరుగుతానమ్మా. మధ్యలో ఎవరూ లాగకపోతే అదే తిరిగొచ్చి కలుస్తుంది."

"కలుస్తుందా? నిజంగా?"

"ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి, అంతే."

"రెండేళ్లు పట్టాను. ఇరవై నిమిషాలు ఒక లెక్కా!"

మళ్లీ మొదలుపెట్టారు. ఫిలొమెనా బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని, మడమ లేవకుండా కాళ్లు తన కిందికి మడిచి కూర్చుంది. వరసలు విడిపోయాయి. లాగాలనిపించినప్పుడల్లా పళ్లబిగువున ఓర్చుకుంది. ఒకచోట ఎవరిది ఏదో తెలియనే లేదు. పాపం, ఆ చివరి ఏడాదంతా కార్మైన్‌ని లాగుతూనే ఉన్నానే అనుకుంటే ఏడుపొచ్చింది. తర్వాత రెండు వరసల మధ్య ఎడం సన్నబడింది. ఇంకాస్త సన్నబడింది. రెండూ ఒకటయ్యాయి.

ఆమె అలవాటుగా తలెత్తి పక్కకు చూసి నవ్వింది. పక్కనున్నది ముక్కూ మొహం తెలియని మనిషి. ఆయన కూడా సరిగ్గా అప్పుడే తలెత్తి నవ్వాడు.