క్లచ్ లేని కారులో మాస్టారమ్మ

మా పెద్దమ్మ కారెక్కితే పక్క సీట్లోనే కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే, ఆమె పక్కన కూర్చుని, తన వైపు అదనంగా బిగించిన క్లచ్ మీద ఎడమ కాలు, బ్రేకు మీద కుడి కాలు ఆనించి ఉంచుతుంది. బడిలో ఒక్కరోజు పాఠం చెప్పకపోయినా వీధిలో అందరికీ ఆమె మాస్టారమ్మే.

ఆమె అరవదు. "అరిస్తే వాళ్ళ కాలు బిగుసుకుపోతుంది. బిగుసుకున్న కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది, అదేం ఖర్మో" అంటుంది. మొదటిరోజు కారు కదలనివ్వదు. ఇంజను స్టార్ట్ చేయించి, నేర్చుకునేవాళ్ళ చేత కళ్ళు మూయించి, ఐదు నిమిషాలు వినమంటుంది.

"ఇప్పుడు గురక పెడుతోందా? హాయిగా ఉందన్నమాట. ఇప్పుడు మూలుగుతోంది. గేరు మార్చమని అడుగుతోంది. ఇక చప్పుడే లేదనుకో, ఆగిపోయినట్టే. కంగారుపడకుండా మళ్ళీ స్టార్ట్ చేసుకోవడమే."

ఆమె చదువంతా చెవిలోనే ఉంది. వంటింట్లో పని చేసుకుంటూనే వీధిలో పోయే కారు ఏ గేరులో ఉందో, ఏ గేరులో ఉండాలో చెప్పేది.

పోయిన సంవత్సరం నుంచి సాయంత్రమయ్యేసరికి ఎడమ మోకాలు వాచిపోవడం మొదలైంది. మెట్లెక్కి తమ వాటాకి చేరేలోపు రెండుసార్లు ఆగేది. ఎవరైనా చూస్తే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటించేది. ఎముకల డాక్టరు రోజుకి క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతారని అడిగితే చెప్పలేకపోయింది. మర్నాడు లెక్కపెట్టింది. మధ్యాహ్నానికి నాలుగు వందలు దాటాక భయమేసి మానేసింది.

డాక్టరు సూటిగా చెప్పాడు. క్లచ్ మానేయాలి, లేదంటే రెండేళ్ళలో ఆపరేషన్. ఆపరేషన్ తర్వాతైనా క్లచ్ తొక్కకూడదు.

పెద్దమ్మకు యాభై నాలుగు. పెద్దనాన్నకు మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. కొత్తవి చవకైపోయాక పాతవి పట్టుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆమె పాఠాలు ఆగితే ఇల్లు గడవదు. అదొక్కటే కాదు, ఆమెకు ఇంకో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు.

అదే నెలలో కారు గేర్‌బాక్స్ కూడా పోయింది, మూడోసారి. మెకానిక్ కారు కిందనుంచి తల బయటపెట్టి, "అక్కా, దీనికీ నీ మోకాలికీ ఒకటే జబ్బు. ఈసారికి ఎలాగో నడిపిస్తాను. ఇంకోసారి నా దగ్గరికి తేకు" అన్నాడు.

"మరేం చెయ్యను? కాలు తీసి భుజాన వేసుకోనా?"

"కరెంటు కారు కొనుక్కో. క్లచ్చే ఉండదు, గేరే ఉండదు."

"అందరూ అవే కొంటే నీ గతేంట్రా?"

"టైర్లుంటాయిగా అక్కా. గాల్లో ఎగిరే కారొస్తే అప్పుడు ఏడుస్తాను."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే పెద్దనాన్న నవ్వలేదు. కారులో ఉండే నోటుపుస్తకాలు తెమ్మన్నాడు. ప్రతి పాఠానికీ మొదలెన్ని కిలోమీటర్లో, చివరెన్నో రాసుకోవడం పెద్దమ్మకు అలవాటు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడేళ్ళ పుస్తకాలు తిరగేశాడు.

"నువ్వు రోజుకి అరవై ఎనిమిది కిలోమీటర్లు దాటలేదే! ప్రపంచమంతా తిరిగొచ్చినట్టు వచ్చి పడుకుంటావు."

"ఈ నాలుగు వీధుల్లోనే తిరిగాను మరి. ఒక్కరోజు నూట నలభై ఉండాలి చూడండి."

"అది మా చెల్లెలి పెద్దకూతురి పెళ్ళి. దాని రెండో కూతురి పెళ్ళికి బస్సులో వెళ్దాంలే."

కొత్త కరెంటు కారు ధర వాళ్ళ చిన్న పెట్రోలు కారుకి ఒకటిన్నర రెట్లుంది. ఆ మాట అక్కడే ఆగిపోయేది. కానీ పెద్దమ్మ దగ్గర ఎప్పుడో డ్రైవింగ్ నేర్చుకున్న ఒకతను ఇప్పుడు పాత కార్లు అమ్ముతున్నాడు. అతని దగ్గర ఏడేళ్ళ కరెంటు కారొకటి ఆరునెలలుగా కదలకుండా ఉంది.

"మీకు అబద్ధం చెప్పను మేడం. కొత్తలో ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండొందల కిలోమీటర్లు పరిగెత్తేది. ఇప్పుడు నూట ఇరవైకి ఆయాసపడుతుంది. దీంట్లో పక్క ఊరికి వెళ్ళి రాలేరు. అందుకే ఎవరూ తీసుకోవట్లేదు."

"పక్క ఊళ్ళో నాకేం పని? ఎంతకిస్తావో చెప్పు."

వాళ్ళ పాత కారు అమ్మితే వచ్చే డబ్బుకి, మోకాలి ఆపరేషన్ కోసం దాచిన దాంట్లో సగం కలిపితే సరిపోయే ధర చెప్పాడు. పెట్రోలుకి ఇప్పుడు పెడుతున్న దాంట్లో ఐదోవంతు కరెంటుకి అవుతుందని పెద్దనాన్న లెక్క తేల్చాడు. నేర్చుకునేవాళ్ళు రోజంతా మొదటి గేరులో, రెండో గేరులో ఈడ్చుకుంటూ పోతే పెట్రోలు మంచినీళ్ళలా అయిపోతుంది. ఆగుతూ కదులుతూ పోవడం కరెంటు కారుకి బరువు కాదు.

"బ్యాటరీ ఇంకా అరుగుతుంది. నాలుగేళ్ళకి ఎనభైకి దిగుతుందేమో" అన్నాడాయన.

"అప్పటికీ మన అరవై ఎనిమిదికి చాలు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నేనూ దిగిపోతాను. ఇద్దరం కలిసి ఇంట్లో కూర్చుంటాం."

"నేనూ నువ్వూనా?"

"నేనూ కారూ."

ఇక ఛార్జింగ్. కారు పెట్టే రేకుల షెడ్డులో ఒక ప్లగ్గు ఉంది. పెద్దనాన్న తన దుకాణంనుంచి రెండు ఇస్త్రీ పెట్టెలు తెచ్చి, గంటసేపు ఆ ప్లగ్గుకే తగిలించి, గోడవెంట పోయే వైరు చేత్తో తడిమి చూశాడు. కాలుతోంది. "ఇది బల్బుకి వేసిన వైరు. కారు తగిలిస్తే షెడ్డుతో సహా పోతుంది" అన్నాడు. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మామ్మగారు కిటికీలోంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"రాత్రంతా అది కరెంటు తాగుతూ కూర్చుంటే బిల్లు నా నెత్తిన పడుతుందా ఏమిటి?"

"వేరే మీటరు పెట్టించుకుంటాం మామ్మగారూ. లావు వైరు కూడా నేనే వేస్తాను."

"వేసేవాడివి నా గేటు దగ్గర లైటు కూడా వెలిగేట్టు చెయ్యి నాయనా. ఏడాదినుంచి చెబుతున్నాను."

ఆ ఒప్పందం అలా కుదిరింది. అమ్మే అతను కారును మూడురోజులు వాడి చూడమని ఇచ్చాడు. మెకానిక్ పక్క సీటు వైపు, కావాలంటే విప్పేయగలిగేలా ఒక బ్రేకు బిగించాడు. మొదటిరోజు పాఠం బేకరీ అమ్మాయిది. పొద్దున్నే రొట్టెలు అందించే వ్యాన్ తనే నడిపితే యజమాని జీతం పెంచుతానన్నాడని నేర్చుకుంటోంది. పాత కారులో అప్పటికి పన్నెండు పాఠాలయ్యాయి. ఆ పన్నెండింట్లో కారు ఎన్నిసార్లు ఆగిపోయిందో చెప్పడం కష్టం. ఆ రోజు నేను వెనక సీట్లో ఉన్నాను.

వీధి చివరిదాకా ఆ అమ్మాయి నీళ్ళమీద పడవలా పోనిచ్చింది. "ఇంతేనా మేడం? మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడిపించారు?" అని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. తొక్కడానికి ఏమీ లేక ఆమె ఎడమ కాలు నేలమీద అటూ ఇటూ జరుగుతోంది.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ఆగాం. పచ్చలైటు వెలిగింది. కారులో ఏ చప్పుడూ లేదు.

"అయ్యో, ఆగిపోయింది మేడం!" అంది అమ్మాయి.

"కంగారుపడకు. మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అంది పెద్దమ్మ.

అమ్మాయి బటన్ నొక్కింది. అప్పటిదాకా కదలడానికి సిద్ధంగా ఉన్న కారు అప్పుడు నిజంగా ఆగిపోయింది. ముందున్న తెర నల్లబడింది. మళ్ళీ నొక్కితే తెర వెలిగింది కానీ, బ్రేకు తొక్కి పట్టుకుని నొక్కితేనే ఆ కారు కదులుతుంది; కంగారులో బ్రేకుమీద కాలు లేదు. మూడోసారి నొక్కితే మళ్ళీ ఆరిపోయింది. వెనకనుంచి హారన్లు. లైటు మళ్ళీ ఎర్రబడింది. వెనక లారీ డ్రైవరు దిగి వచ్చి కిటికీలోకి వంగాడు.

"ఛార్జింగ్ అయిపోయిందామ్మా? తొయ్యమంటారా?"

"ఛార్జింగ్ నిండుగా ఉందయ్యా" అంది పెద్దమ్మ.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. డ్రైవింగ్ పరీక్షలు పెట్టే మైదానం దగ్గర ఇంకో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన, అందరూ మీసాలాయన అంటారు, ఎదురుపడి, "మాస్టారమ్మా, నడిరోడ్డు మీద మీ కారుకి కరెంటు పోయిందటగా? కొవ్వొత్తి పంపించేవాణ్ణి, ఒక్క మాట చెప్పకపోయారా" అన్నాడు.

ఇంటికొచ్చి కారు తాళంచెవి బల్లమీద పెట్టింది. "తిరిగిచ్చేద్దామండీ."

"ఏం, బాగాలేదా?"

"దానికేం, లక్షణంగా ఉంది. నాకే బాగాలేదు. ఆ పిల్లంటే కొత్త. నేను చెప్పాను, స్టార్ట్ చెయ్యమని నేను చెప్పాను. నడిచే కారేదో ఆగిన కారేదో తెలియనిదాన్ని, ఎవరికేం నేర్పను? పైగా ఆ అమ్మాయి పది నిమిషాల్లో నడిపేసింది. నేర్పడానికి అందులో ఏముంది?"

పెద్దనాన్న తాళంచెవిని మళ్ళీ ఆమెవైపు జరిపాడు. "మూడురోజులిచ్చాడుగా. రేపు నువ్వు నేర్చుకో" అన్నాడు.

"ఎవరు నేర్పుతారు?"

"నేను."

"మీకు సైకిలే సరిగ్గా రాదు."

"అందుకే నాకు చెవి అలవాట్లు లేవు."

మర్నాడు తెల్లవారగానే గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డుకి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పెద్దమ్మ నేర్చుకునేవాళ్ళ సీట్లో, పెద్దనాన్న మాస్టారి సీట్లో. ఆయన చేసిన పనల్లా, ప్రతి పది గజాలకీ ఆపమని, "చచ్చిందా, బతికుందా?" అని అడగడం. చప్పుడు వినడానికి వీల్లేదు. తెరమీద చిన్న పచ్చదీపం చూసి చెప్పాలి.

"బతికే ఉంది."

"ఇప్పుడు?"

"బతికే ఉందండీ. ఇంకోసారి అడిగితే మిమ్మల్ని దింపేస్తాను."

"మాస్టారి మీద విసుక్కోకూడదు."

గంట గడిచేసరికి ఆమె చెవిని వదిలేసి కంటితో చూడటం మొదలుపెట్టింది. తిరిగొచ్చేటప్పుడు సందులో ఒకతను నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని రోడ్డు మధ్యలో నడుస్తున్నాడు. పెద్దమ్మ నెమ్మదిగానే వస్తోంది. అతను తప్పుకోలేదు. కొత్త మోడళ్ళలా నెమ్మదిగా పోయేటప్పుడు హెచ్చరిక చప్పుడు చేయని ఆ పాత మోడల్ కారు, తన వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నా అతనికి తెలియలేదు. హారన్ కొట్టింది. అతను ఎగిరి గంతేశాడు. గోడవైపు కాదు, కారువైపు. బ్రేకు పడింది. క్యాను కిందపడి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి.

"దెయ్యంలా వెనక నిలబడతారేంటమ్మా!"

పెద్దమ్మ దిగి, తప్పయిందని చెప్పి, క్యాను ఎత్తి ఇచ్చి, నీళ్ళ డబ్బులు ఇచ్చింది. మళ్ళీ వచ్చి కూర్చుని కారు కదిలించలేదు.

"ఏమైంది?" అన్నాడు పెద్దనాన్న.

"ఇన్నాళ్ళూ నా కారు వస్తోందని జనం చెవులే కనిపెట్టేవి. సగం పని వాళ్ళే చేసేవాళ్ళు. ఇప్పుడు మొత్తం మనమే చూడాలి" అంది. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా, ఎవరెవరు ఎటు నడుస్తున్నారో, ఎవరు వెనక్కి చూడకుండా రోడ్డు దాటబోతున్నారో గొణుక్కుంటూనే వచ్చింది. తాళంచెవి తిరిగివ్వలేదు.

అయితే కొనడం వెంటనే జరగలేదు; అమ్మే అతను ఇంకొన్నాళ్ళు ఆగడానికి ఒప్పుకున్నాడు. బేకరీ అమ్మాయికి గేర్లు రావాలి, వాళ్ళ వ్యాన్‌కి గేర్లున్నాయి. గేర్లు లేని కారులో నేర్చుకుంటే ఆ వ్యాన్ నడపలేదు. మధ్యలో ఇంకొకరికి అప్పజెప్పడం పెద్దమ్మకి ఇష్టం లేదు. ఆ అమ్మాయి పరీక్ష నెగ్గేదాకా ఇంకో పదకొండు రోజులు, మోకాలికి గుడ్డ చుట్టుకుని, పాత కారులోనే క్లచ్ తొక్కింది. ఆ తర్వాతే దాన్ని అమ్మింది.

గేర్లు కావాలని వచ్చే మిగతావాళ్ళ కోసం ఆమే మీసాలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మీసం దువ్వుకుంటూ విని, "నా దగ్గర గేరు చూస్తే ఏడ్చేవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళని మీరు తీసుకోండి, మీ గేర్లవాళ్ళని నాకు పంపండి" అన్నాడు. ఆ నలుగురూ గేరు చూసి కాదు, ఆయన కేకలకి ఏడుస్తున్నారని పెద్దమ్మకి తెలుసు. చెప్పలేదు.

మొదటి మూడు నెలలు వచ్చేవాళ్ళు సగానికి తగ్గారు. పెట్రోలు ఖర్చు లేకపోవడం వల్ల ఇల్లు ఎలాగో నెట్టుకొచ్చింది. చలిరోజుల్లో కారు నూట ఇరవై కాదు, వందే నడుస్తుంది. ఒకసారి కరెంటు పోయిన రోజు రెండు పాఠాలు వాయిదా వేయాల్సొచ్చింది. మెట్లు ఎక్కడం ఇప్పటికీ కష్టమే. కానీ సాయంత్రం మోకాలు వాచడం లేదు. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తడం మానేశాడు.

మీసాలాయన పంపినవాళ్ళలో ఒకావిడ రిటైరైన లెక్కల టీచరు. పరీక్ష రెండుసార్లు తప్పింది. ఆవిడ మూడో పాఠంనాడు, బడి పక్క సన్నటి సందులో, ఫోను చూసుకుంటూ ఒక పెద్దాయన కారు ముందు నడుస్తున్నాడు. టీచరు చెయ్యి హారన్‌మీదికి వెళ్ళింది.

"వద్దండీ. ఉలిక్కిపడితే ఎటు దూకుతాడో మనకి తెలీదు."

"మరి?"

"వెనకే వెళ్దాం. ఆయన కాళ్ళు చూస్తూ ఉండండి. తిరిగేముందు భుజం కంటే మడమ ముందు తిరుగుతుంది."

కారు మనిషి నడక వేగంతో సందు పొడవునా సాగింది. పచ్చరంగు గేటు ముందు ఆయన ఎడమ మడమ తిరిగింది. "తిరుగుతున్నాడు!" అంది టీచరు, పెద్దమ్మ చెప్పకముందే బ్రేకు నొక్కి. ఆయన గేటు తీసుకుని, ఫోనులోంచి తల ఎత్తకుండానే, లోపలికి వెళ్ళిపోయాడు.