కుళాయి దగ్గర పొలిమేర

మా అమ్మమ్మకి జిల్లాలంటే లెక్క లేదు. ఆవిడ భూగోళంలో ఉన్నవి ఏరులూ, మా వైపు గెడ్డలనే వాగులూ, వాటి అవతలికి ఇచ్చిన కూతుళ్లూ. పెద్ద కూతురు, అంటే మా అమ్మ, నాగావళి దాటాక పాలకొండ వైపు. అక్కడ గోగునార కుళ్లబెట్టిన నీళ్ల వాసన లేకుండా కార్తీకం గడవదు. నడిపి కూతురు సాలూరు కొండల కింద. అక్కడి సంతకి కొండ మీంచి చింతపండూ అడ్డాకులూ దిగుతాయి, కింది నుంచి ఉప్పూ ఎండుచేపలూ ఎక్కుతాయి. ఈ రెండిటికీ సముద్రం పక్కనున్న తన ఊరికీ మధ్య ఉన్నదంతా అమ్మమ్మ లెక్కలో దారి మాత్రమే. బస్సులో నిద్రపోవడానికి పనికొస్తుంది.

డెబ్బైల చివర్లో కొత్త జిల్లా పుట్టినప్పుడు నడిపి పిన్ని శ్రీకాకుళం జిల్లాలో పడుకుని విజయనగరం జిల్లాలో లేచింది. ఆ మాట చెబితే అమ్మమ్మ కూరలు తరుగుతూనే, “జిల్లా మారితే మారనీ. ఏరు ఆడే ఉందా, నేదా?” అంది. నడిపి పిన్ని కూడా పెద్దగా కంగారు పడినట్టు లేదు.

ఆ తరవాత కొన్నేళ్లకి అమ్మమ్మ ఊరే మారింది. స్టీల్‌ప్లాంటుకి పోయిన ఊళ్లలో అదొకటి. ఊరంతటినీ కూర్మన్నపాలెం దగ్గర ఒక కాలనీకి తెచ్చారు. అప్పటికి నేను డిగ్రీ చదువుకోవడానికి వచ్చి ఆవిడ దగ్గరే ఉంటున్నాను. చదువు సంగతి అడక్కండి గానీ, కాలనీ సంగతి మాత్రం బాగా గుర్తుంది.

పాత చోట మా ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక తాటితోపు, ఒక గెడ్డ ఉండేవి. గేదె అవతల చేలో పడితే తిట్టుకోవడానికీ, పెళ్లిళ్లు కుదిరితే వియ్యాలవారు అనిపించుకోవడానికీ సరిపోయే ఎడం అది. కాలనీలో ఆ రెండు ఊళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మధ్యలో ఒక ఎర్రమట్టి రోడ్డు, రోడ్డుకి అవతలి అంచున ఇద్దరికీ కలిపి ఒకే కుళాయి. పిల్లల్ని కన్నవాళ్లకి ఇది కలిసొచ్చింది. అమ్మమ్మ ఆఖరి కూతురు, మా చిన్న పిన్నికి ఎదురింటి అబ్బాయితోనే సంబంధం కుదిరింది. పోర్టులో కళాసీ. అమ్మమ్మ సంబరానికి హద్దు లేదు. “ముగ్గుర్లోనూ ఇదొక్కతే కూత వేటు దూరంలో ఉంటాది,” అని కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది.

పెళ్లికి ఇంకా నెల ఉందనగా కాలనీలో మొదటి అమ్మవారి పండగ వచ్చింది. మా వైపు పండగ ఆఖరి రోజుని అనుపు, అంటే సాగనంపడం, అంటారు. వీధివీధీ తిరిగిన ఘటాన్ని డప్పులతో ఊరి పొలిమేర దాటించి, అక్కడ దింపి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. ఊళ్లో ఉన్న రోగాలన్నీ ఆ కుండతో పాటే వెళ్లిపోతాయని నమ్మకం. ఒకసారి దింపిన కుండని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. పాత ఊళ్లో అయితే గెడ్డ ఇసకలో దింపేవారు. మరి కాలనీకి పొలిమేర ఏది? పెద్దలు అరుగు మీద కూర్చుని చాలాసేపు వాదించుకుని, రోడ్డే పొలిమేర అని తేల్చారు. రోడ్డు దాటితే పక్క ఊరే కదా, ఎన్నడూ అలాగే కదా అన్నారు. రోడ్డు దాటాక గెడ్డ లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

పొద్దు వాలుతుంటే డప్పులు మోగించుకుంటూ వెళ్లి, కుళాయి పక్కన, సరిగ్గా పెళ్లికొడుకు వాకిట్లో ఘటం దింపి, మహా నిష్ఠగా వెనక్కి చూడకుండా వచ్చేశారు. చూసి ఉంటే కాబోయే వియ్యపురాలి మొహం కనపడేది.

“మీ ఊరి రోగాలన్నీ నా గడపలోకి తోలీసినారేటి? సంబంధం నేదు, గింబంధం నేదు! మీ పిల్లని మీరే ఉంచుకోండి!” అని పెళ్లికొడుకు తల్లి రోడ్డు మధ్యకొచ్చి అరిచింది. తలుపులు మూతపడ్డాయి. తీసుకెళ్లిపొమ్మని వాళ్లు, పంపిన అమ్మవారిని వెనక్కి తెస్తే ఊరికి అరిష్టమని మావాళ్లు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కుండ అక్కడే ఉండిపోయింది. అమ్మమ్మ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న నేనూ చిన్న పిన్నీ బిందెలు పట్టుకుని కుళాయికి వెళ్లాం. అందరూ కుండకి ఎడంగా వంకర తిరిగి వచ్చి నీళ్లు పట్టుకుంటున్నారు. పిన్ని తన బిందె నా చేతికిచ్చి, వంగి ఆ ఘటాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మా వైపు ఇళ్లలోంచి ఒక ముసలాయన “ఏటి సేత్తన్నావే పిల్లా, ముట్టుకోకూడదు!” అని కేకేశాడు.

“ఆల్లు ముట్టుకోకూడదు, మీరు ముట్టుకోకూడదు,” అంది పిన్ని. “నాను నిన్నటికి మీదాన్ని, రేపటికి ఆల్లదాన్ని. ఇయ్యాల ఎవుల్దాన్నీ కాదు. నాను మొయ్యొచ్చు.”

ఇలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. కానీ తిరగ్గొట్టే శాస్త్రం కూడా ఎవరికీ దొరకలేదు.

నేను బిందెలు అక్కడే పడేసి వెంట నడిచాను. పాత ఊరికి అప్పటికింకా కంచె వెయ్యలేదు. ఇళ్లు మాత్రం కూల్చేశారు. మొండి గోడలూ, పొయ్యి గడ్డలూ, ఎవరి పెరట్లోదో ఒక మునగచెట్టూ. పిన్ని వాటి మధ్యనుంచే నడిచి, తోపు దాటి, గెడ్డ ఇసకలో ఘటం దింపి దణ్ణం పెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది. ఇక వెళ్లాల్సింది ఊళ్లోకి కాదు, కాలనీకి; గెడ్డ గట్టు మీంచి అడ్డదారిన పోతే ఊరు మా వీపు వెనకే ఉండిపోతుంది. అనుపు దింపినవాళ్లు వెనక్కి చూడకూడదు. పిన్ని పుట్టిన ఇంటి మొండి గోడలు, ఆ మునగచెట్టు, అన్నీ అక్కడే ఉన్నాయి, ఆవిడ చూడలేదు. నేను చూశాను. నాకు చాలా దిగులు వేసింది.

మేం తిరిగొచ్చేసరికి రోడ్డు మధ్యలో పెళ్లికొడుకు తల్లి పసుపునీళ్ల బిందెతో నిలబడి ఉంది. ఘటం మోసినవాళ్ల కాళ్ల మీద పొయ్యడం ఆనవాయితీ. పిన్ని కాళ్ల మీద పోసింది. పోశాక, “ఎండలో ఎల్లినావు, ఏటైనా తిన్నావా?” అని అడిగింది.

పెళ్లి అనుకున్న రోజునే జరిగింది. మా అమ్మని నాగావళి దాటించినప్పుడూ, నడిపి పిన్నిని సాలూరు బస్సెక్కించినప్పుడూ అమ్మమ్మ కళ్లు తడవలేదని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఆ రోజు చిన్న పిన్ని పట్టుమని పది అడుగులైనా లేని రోడ్డు దాటుతుంటే, అమ్మమ్మ గుమ్మం పట్టుకుని బావురుమంది. అందరూ నవ్వారు. “ఓలమ్మ, ఎదురింటికే కదే, పిలిస్తే పలుకుతాది,” అని మా అమ్మ ఓదార్చబోయింది.

“మిమ్మల్నిద్దర్నీ ఊరు దాటించి అంపినాను,” అంది అమ్మమ్మ. “దీన్ని ఏ ఊర్నుంచి అంపుతన్నానే?”